బిల్డ్ కొట్టగానే పాత కంప్యూటర్ బిగుసుకుపోతుంటే

సమస్య: ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకుంటుంది, ప్రాజెక్టు సింక్ అవుతుంది. బిల్డ్ కొట్టాక మాత్రం మౌస్ కూడా కదలదు. కాసేపటికి గ్రాడిల్ (బిల్డ్ పని చేసే టూల్) డీమన్ ఉన్నట్టుండి మాయమైందని ఎర్రక్షరాలు.

దయచేసి స్టూడియో తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. అందరూ మొదట చేసేది అదే, దానితో బాగైన మెషీన్ నేనింతవరకు చూడలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ, డిస్క్ చూడండి. రెండూ నిండుగా ఉంటే ర్యామ్ చాలక విండోస్ డిస్క్ మీద పడిందని అర్థం. ఎస్‌ఎస్‌డీ కాకుండా పాత హార్డ్ డిస్క్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఎమ్యులేటర్ (కంప్యూటర్లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) నడుస్తోందా? మూసేయండి. స్టూడియో ఒక్కదానికే 8 జీబీ ర్యామ్ కనీసం. ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి యాప్‌ని దాని మీదే నడపండి. ఫోన్ కనబడకపోతే డ్రైవర్ల జోలికి పోయేముందు కేబుల్ మార్చండి. ఛార్జింగ్ ఎక్కే ప్రతి కేబుల్లోనూ డేటా వెళ్లదు.

ఎమ్యులేటర్ లేకపోయినా అదే గోలా? అయితే అసలు దొంగ ఇక్కడున్నాడు.

నన్ను వారం రోజులు తిప్పలు పెట్టాడు. స్టూడియోలో బిల్డ్ బాగానే అయ్యేది. టెర్మినల్లో (కమాండ్లు కొట్టే విండోలో) టెస్టులు నడిపితే చాలు, అంతా ఆగిపోయేది. గ్రాడిల్‌కి మెమరీ పెంచాను, ఇంకా చెడింది. పాత డీమన్ సరిపడటం లేదు, కొత్తది మొదలెడుతున్నానని టెర్మినల్ ప్రతిసారీ ఒక లైనులో చెబుతూనే ఉంది. నేనే చదవలేదు.

డీమన్ అంటే తర్వాతి బిల్డ్ త్వరగా అవ్వాలని వెనకాల మేలుకుని ఉండే జావా ప్రాసెస్. స్టూడియో మామూలుగా తనతో వచ్చిన జావాతో దాన్ని లేపుతుంది. టెర్మినల్ మాత్రం జావా హోమ్ వేరియబుల్ ఏ జావాను చూపిస్తే దానితో లేపుతుంది. రెండు జావాలూ వేరైతే ఒకరి డీమన్‌ని ఇంకొకరు వాడుకోరు. ఒక్కోదానికి 2 జీబీ ఇచ్చి ఉంటే లెక్క మీరే వేసుకోండి, పైగా కోట్లిన్ భాషలో రాసిన కోడ్ కోసం కోట్లిన్ డీమన్ వేరే. పని లేకపోయినా 3 గంటల దాకా కదలకుండా కూర్చోగలవు.

పరిష్కారం: ప్రాజెక్టు ఫోల్డర్‌లో గ్రాడిల్ ర్యాపర్ (gradlew) కమాండ్ తర్వాత రెండు అడ్డగీతలు పెట్టి స్టేటస్ అని కొట్టండి. ఒకటికి మించి డీమన్లు కనిపిస్తే దొరికినట్టే. స్టేటస్ బదులు స్టాప్ అని కొడితే అన్నీ ఆగుతాయి. (వేరే గ్రాడిల్ వెర్షన్‌వి ఈ జాబితాలో రావు. వాటిని టాస్క్ మేనేజర్‌లో జావా పేరుతో వెతికి ఆపాలి.) తర్వాత జావా హోమ్‌ని స్టూడియో ఫోల్డర్‌లోని జేబీఆర్‌కి, అంటే స్టూడియోతో వచ్చిన జావాకి, మార్చండి. స్టూడియో సెట్టింగ్స్‌లో గ్రాడిల్ జేడీకే (గ్రాడిల్ వాడే జావా) కూడా అదే ఉండాలి. పాత టెర్మినల్ విండో మూసి కొత్తది తెరవండి. ఇది మరిచిపోయి మార్పు పనిచేయలేదని అనేవాళ్లే ఎక్కువ.

ర్యామ్ 4 జీబీయే అయితే గ్రాడిల్ ప్రాపర్టీస్ ఫైల్లో ఎక్స్‌ఎమ్‌ఎక్స్ (గ్రాడిల్ వాడుకోగల మెమరీకి హద్దు) విలువను 1024 ఎంబీకి (1024m) తగ్గించి చూడండి. తగ్గించినా తేడా లేకపోతే మీ యూజర్ ఫోల్డర్‌లోని డాట్ గ్రాడిల్‌లో అదే పేరుతో ఇంకో ఫైల్ ఉందేమో చూడండి. ప్రాజెక్టులోని దానికంటే దాని మాటే చెల్లుతుంది.

యాంటీవైరస్, చెడిన క్యాష్ (గ్రాడిల్ దాచుకున్న పాత ఫైళ్లు) లాంటివి అరుదు, చివర్లో చూసుకోవచ్చు. జావా మార్చాక పాత ప్రాజెక్టు ఏదైనా మేజర్ వెర్షన్ 65 అని మొరాయిస్తే అది జావా 21 గొడవ. ఆ ప్రాజెక్టు గ్రాడిల్‌ని 8.5 లేదా ఆపైకి తీసుకెళ్లండి.