తిరుపతి చుట్టుపక్కల తిరిగేటప్పుడు ఫోన్‌లో జీపీఎస్ తొందరగా దొరకాలంటే ఏం చేయాల

తలకోన పోయేవాళ్ళు, శ్రీవారి మెట్టు ఎక్కేవాళ్ళు, చంద్రగిరి పక్క పల్లెల్లో డెలివరీకి తిరిగే పిల్లోళ్ళు, అందరికీ ఒకటే తలనొప్పి. మ్యాప్ తెరిస్తే నీలం చుక్క చుట్టూ పెద్ద గుండ్రం వచ్చి సగం ఊరిని కప్పేస్తాది, మనం యాడ ఉండామో మాత్రం చెప్పదు. ఫోన్ పాతదైపోయిందేమో, కొత్తది కొనాలేమో అనుకుంటారు చాలామంది. దయచేసి అప్పుడే కొనొద్దు. ఎక్కువసార్లు ఫోన్ బాగానే ఉంటాది, సాటిలైట్లు ఇప్పుడు ఆకాశంలో యాడున్నాయో చెప్పే తాజా డేటా దాని దగ్గర ఉండదు, అంతే.

ఇది కొంచెం వివరంగా చెప్పాల, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ మీకే తడతాయి. జీపీఎస్ సాటిలైట్లు మనకి 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతా ఉంటాయి, ఎత్తుతో సహా లొకేషన్ తేలాలంటే కనీసం 4 సాటిలైట్లు అందాల. ఒక్కోటీ తన కక్ష్య వివరాలు తనే పంపిస్తాది, దాన్నే ఎఫెమెరిస్ అంటారు, కానీ ఆ స్పీడు సెకనుకి 50 బిట్లే. ఆ వివరాలు పూర్తిగా దిగడానికి 18 సెకన్లు పడతాది, 30 సెకన్లకి ఒకసారి మళ్ళీ మొదట్నుంచి వస్తాయి. మధ్యలో ఒక కొమ్మో, బిల్డింగో అడ్డమొచ్చి ఒక ముక్క పోయిందనుకోండి, ఆ ముక్క మళ్ళీ వచ్చేదాకా ఆగాల్సిందే. చెట్ల కింద నడుస్తా నడుస్తా ఫోన్ చూసుకుంటా ఉంటే నిమిషాలు నిమిషాలు పోయేది ఇందుకే. అందుకని మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆకాశం బాగా కనపడేచోట కదలకుండా ఒక నిమిషం నిలబడండి, ఇంతకన్నా పనికొచ్చే చిట్కా ఇంకోటి లేదు.

ఇంటర్నెట్ ఉంటే ఇంత కష్టం లేదు, ఇదే డేటాని ఫోన్ నెట్ నుంచి గబుక్కున దించుకుంటాది, ఏ-జీపీఎస్ అనేది దీన్నే. సాటిలైట్ పంపిన ఎఫెమెరిస్ సుమారు 4 గంటలు పనికొస్తాది. ఇంకో సంగతి, డేటా ఫోన్‌లో ముందే ఉంటే సిగ్నల్ బలహీనంగా ఉన్నా లొకేషన్ దొరుకుతాది, ఎందుకంటే ఆ సిగ్నల్‌ని పట్టుకుంటే చాలు, అందులో రాసింది చదవాల్సిన పని ఉండదు. కాబట్టి తలకోన పోతా ఉంటే తిరుపతిలో కాదు, భాకరాపేటలో టీకి ఆగినప్పుడు మొబైల్ డేటా ఆన్‌లో పెట్టి, బండి దిగి బయటికొచ్చి మ్యాప్ తెరిచి, ఆ గుండ్రం చిన్నదయ్యేదాకా ఉండండి, ఆ ఏరియా ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా అప్పుడే దించుకోండి. తర్వాత అడవిలో నెట్ పోయినా జీపీఎస్ పోదు, దానికి సిమ్ కూడా అక్కర్లేదు.

సెట్టింగుల్లో చూడాల్సినవి తక్కువే. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ సర్వీసెస్ లోపల గూగుల్ లొకేషన్ యాక్యురసీ ఆన్‌లో ఉండాల, లీలామహల్ సర్కిల్ లాంటి బిల్డింగుల మధ్య వైఫై, టవర్ల సాయంతో అదే ముందుగా ఒక అంచనా ఇస్తాది. యాప్ పర్మిషన్‌లో ప్రిసైజ్ లొకేషన్ ఆన్ చేయండి, ఐఫోన్‌లోనూ ఈ మాటే ఉంటాది, ఇది ఆఫ్‌లో ఉంటే ఎన్ని సాటిలైట్లు అందినా యాప్ మాత్రం ఉజ్జాయింపుగానే చూపిస్తాది. బ్యాటరీ సేవర్ తీసేయండి. డేట్, టైమ్ ఆటోమేటిక్‌లో పెట్టండి.

ఆండ్రాయిడ్‌లో ఇవన్నీ చేసినా సతాయిస్తా ఉంటే జీపీఎస్ స్టేటస్ అండ్ టూల్‌బాక్స్ అనే యాప్ వేసుకుని అందులో మేనేజ్ ఏ-జీపీఎస్ స్టేట్ లోకి పోయి రీసెట్ కొట్టి, వెంటనే డౌన్‌లోడ్ కొట్టండి. కానీ ఇది ఇంట్లో నెట్ ఉన్నప్పుడే చేయాల, అడవి మధ్యలో కంగారుపడి రీసెట్ కొడితే ఉన్న డేటా కూడా తుడిచిపెట్టుకుపోయి మొత్తం మొదట్నుంచి మొదలవుతాది.

కారులో అయితే ఫోన్‌ని సీటు మీద పడేయకుండా డాష్‌బోర్డ్ మీద పెట్టండి, మెటల్ ఉండే కవర్ తీసేయండి. ఘాట్ రోడ్డులో ఒక పక్క కొండ సగం ఆకాశాన్ని మూసేస్తాది, అందుకే అలిపిరి దాటకముందే లొకేషన్ పట్టించి నావిగేషన్ మొదలుపెట్టేయండి, మలుపుల్లో కాసేపు తప్పినా తొందరగానే మళ్ళీ పట్టుకుంటాది. ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పితే జీపీఎస్ వస్తాదని చెప్తా ఉంటారు, అది దిక్సూచికి మాత్రమే, సాటిలైట్లకి దానితో సంబంధం లేదు.

కొత్త ఫోన్ కొనేవాళ్ళు నావిక్ సపోర్ట్, ఎల్1తో పాటు ఎల్5 ఉందా అని అడగండి, ఎల్1, ఎల్5 అంటే సాటిలైట్లు సిగ్నల్ పంపే రెండు వేరే వేరే ఫ్రీక్వెన్సీలు. నావిక్ మన ఇస్రోది, దాని సాటిలైట్లు మన దేశానికి ఎప్పుడూ కనపడేలా పెట్టారు. 2023 మే 29న మన జిల్లా శ్రీహరికోట నుంచే పోయిన ఎన్‌వీఎస్-01లో మామూలు ఫోన్లకి అనువైన ఎల్1 సిగ్నల్ కూడా పెట్టారు. ఎల్5 ఉంటే బిల్డింగులకి తగిలి వచ్చే దొంగ సిగ్నల్స్‌ని ఫోన్ బాగా కనిపెడతాది.

చివరగా, ఫోన్ కింద పడ్డాకో, డిస్‌ప్లే మార్పించాకో ఈ ఇబ్బంది మొదలైతే పైన చెప్పిన జీపీఎస్ స్టేటస్ యాప్ తెరిచి మైదానంలో రెండు నిమిషాలు నిలబడి చూడండి. మంచి ఫోన్‌లో చాలా సాటిలైట్లకి సిగ్నల్ నంబర్ 30 పైన చూపిస్తాది. అన్నీ 20 లోపలే ఉంటే లోపల యాంటెనా కాంటాక్ట్ లూజ్ అయ్యుండొచ్చు, అప్పుడు సెట్టింగులతో టైమ్ వేస్ట్ చేసుకోకుండా రిపేర్ షాపుకి పోయి జీపీఎస్ యాంటెనా కాంటాక్ట్ చూడమని అడగండి.