క్లారినెట్ కచేరీకి సిద్ధం కావడం – పాఠం 6: ముందు చేతిలోని వాద్యం చూడండి, తర్వాత జాబితా

గత పాఠంలో కచేరీకి ప్రధాన రచనను ముందుగా ఎంచుకొని, వాయించబోయే రచనల జాబితా రాసి పంపమన్నాను. వచ్చిన జాబితాలు చూశాక ఈ వారం చెప్పాలనుకున్న, ఏ రచన ముందు ఏది తర్వాత అనే వరుస సంగతి వెనక్కి జరిగింది. చాలామంది మొదటి పేరుగా మొజార్ట్ కన్‌చెర్టో (వాద్యబృందంతో పాటు ఒక వాద్యం ప్రధానంగా పలికే రచన) రాశారు, దాని కిందే షూమన్ ఫాంటసీ రచనలు, ఓపస్ (రచన సంఖ్య) 73. రెండూ ఎ క్లారినెట్ కోసం రాసినవి. జాబితా పంపినవారిలో ఎక్కువమంది దగ్గర ఉన్నది బి ఫ్లాట్ క్లారినెట్ ఒక్కటే.

సికింద్రాబాద్ నుంచి రాసిన ఒకరు పియానో వాయించే స్నేహితురాలితో కూర్చొని మొజార్ట్ మొదలుపెట్టారట. రెండో వరుసకే తప్పు నీదంటే నీదని ఇద్దరూ గొడవపడ్డారు. ఇద్దరూ తమ స్వరాలు రాసిన కాగితం మీద ఉన్నది ఉన్నట్టే వాయించారు. గొడవంతా అక్కడే ఉంది.

దీన్ని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే గుంటలో పడుతున్నారు కాబట్టి ఈసారి విసుగొచ్చేంత వివరంగా చెబుతాను. కాగితం మీద ‘సి’ అని ఉంటే బి ఫ్లాట్ క్లారినెట్‌లో వినిపించేది బి ఫ్లాట్, ఎ క్లారినెట్‌లో వినిపించేది ఎ. వేళ్లు ఒకటే, కాగితం ఒకటే, తేడా అర్ధస్వరం, అంటే పియానో మీద పక్క మీటంత దూరం. మొజార్ట్ కన్‌చెర్టోలో క్లారినెట్ కాగితం సి మేజర్ స్కేల్‌లో ఉంటుంది. ఎ క్లారినెట్‌తో వాయిస్తే ఎ మేజర్ వస్తుంది, పియానో కాగితం కూడా ఎ మేజరే. మీరు బి ఫ్లాట్ క్లారినెట్ ఎత్తుకుంటే మీరు బి ఫ్లాట్ మేజర్‌లో, పియానో ఎ మేజర్‌లో. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా అర్ధస్వరం ఎడంతో రెండు వాద్యాలూ ఒరుసుకుంటూ పోతాయి.

మనవాళ్లు ఇక్కడ తడబడటానికి కారణం ఉంది. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి కీర్తన ఒకటిన్నర శ్రుతిలో పాడినా రెండులో పాడినా అదే కీర్తన. శ్రుతిపెట్టె మరను కాస్త తిప్పితే పని అయిపోతుంది. పియానో ఆ మాట వినదు.

దారులు లేకపోలేదు. మొజార్ట్‌కు పియానో భాగాన్ని బి ఫ్లాట్ మేజర్‌లోకి మార్చి అచ్చువేసిన ప్రతులు దొరుకుతాయి, అవి తెప్పించుకోండి. ఇంట్లో సాధనకు నేనైతే డిజిటల్ పియానోలో స్వరాలన్నిటినీ ఒకేసారి జరిపే ట్రాన్స్‌పోజ్ మీటను ఒక అర్ధస్వరం పైకి జరిపి పని కానిస్తాను. వేదిక మీద మాత్రం ఆ పని చేయను. చెవి నిక్కచ్చిగా ఉన్న పియానో కళాకారులకు వేలు ఒకచోట పడి స్వరం ఇంకోచోట పలికితే పిచ్చెక్కుతుంది. షూమన్ సంగతి వేరు. దానికి బి ఫ్లాట్ క్లారినెట్ భాగం కూడా జతచేసిన ప్రతులు ఉన్నాయి, పియానో మారదు. కానీ మూడో రచన ఎ క్లారినెట్‌లో హాయిగా సి మేజర్‌లో ఉంటే, మీ కాగితంలో అది అయిదు షార్ప్‌ల బి మేజర్ అవుతుంది. అదీ చాలా వేగంగా సాగే భాగం. సరదాగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎ క్లారినెట్‌లో వినిపించే అట్టడుగు స్వరం సి షార్ప్, బి ఫ్లాట్ క్లారినెట్ డి దగ్గరే ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

మొజార్ట్ మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. 1791లో క్లారినెట్ వాద్యకారుడు స్టాడ్లర్ కోసం రాసిన ఆ కన్‌చెర్టోలో క్లారినెట్ మొదట పలికేది 57వ బార్‌లో (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటి కొలత). అంతవరకూ వాద్యబృందం వాయిస్తుంటే అందం. పియానో ఒక్కటే అదంతా లాగుతుంటే మీరు వేదిక మధ్యలో క్లారినెట్ పట్టుకొని బొమ్మలా నిలబడాలి. మొత్తం దాదాపు అరగంట. కావాలంటే రెండో భాగం, ఆ నిదానమైన అడాజియో ఒక్కటి తీసుకోండి.

బి ఫ్లాట్ ఒక్కటే ఉన్నవారికి ప్రధాన రచనగా నా ఓటు సాన్-సాన్స్ సొనాటా (క్లారినెట్, పియానో కలిసి వాయించే రచన), ఓపస్ 167. 1921లో, తన చివరి ఏడాదిలో రాశారు. పదహారు నిమిషాల వరకు వస్తుంది. మూడో భాగంలో ఒకే రాగాన్ని ముందు అడుగు స్థాయిలో గట్టిగా, తర్వాత పై స్థాయిలో చాలా మెల్లగా పలికించాలి. మీ ఊపిరి ఏపాటిదో శ్రోతలకు అక్కడే తెలిసిపోతుంది. చివర్లో మొదటి భాగపు రాగం తిరిగి వస్తుంది కాబట్టి, మధ్యలో కాస్త తప్పిపోయిన శ్రోత కూడా చేయిపట్టినట్టు దారికి వస్తాడు.

బ్రామ్స్ కావాలనేవారు 1894 నాటి సొనాటాలు, ఓపస్ 120 చూడండి, రెండూ బి ఫ్లాట్‌కే. కానీ పియానో వాయించేవారికి ఫోను చేయకుండా బ్రామ్స్ పేరు రాయకండి. ఆ పియానో భాగం బరువు తెలిసినవారు హైదరాబాద్‌లో అంత సులువుగా దొరకరు.

జాబితాలో స్ట్రావిన్‌స్కీ మూడు ఏకవాద్య రచనలు పెట్టినవారికి ఒక మాట. మొదటి రెండూ ఎ క్లారినెట్‌కు, మూడోది బి ఫ్లాట్‌కు. రెండు వాద్యాలూ ఉన్నా మౌత్‌పీస్ (నోట పెట్టుకునే ముక్క), రీడ్ (దానికి బిగించే పలుచటి పుల్ల) ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చుకుంటాం కదా, పక్కన పెట్టిన వాద్యం ఈలోగా చల్లబడి శ్రుతి దిగుతుంది. రవీంద్రభారతి లాంటి ఏసీ హాలులో ఇది ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లోని లామకాన్ వేదికలో ఏప్రిల్ సాయంత్రం ఆరుబయట అయితే శ్రుతి పైకి పోతుంది, దానికి వేరే తంటా.

ఇక వరుస. త్యాగరాయ గానసభలో కచేరీలు విన్నవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వర్ణంతో గొంతు సాపు చేసుకున్నాకే పెద్ద కీర్తన, చివర్లో తుక్కడాలు. ఇక్కడా అంతే. ఫింజి బాగటెల్స్ (చిన్న రచనలు) అయిదింటిలో రెండు, తర్వాత సాన్-సాన్స్, ఆపై మీ పెదవులకు విశ్రాంతిగా పియానో ఒక్కటే ఒక చిన్న రచన, చివర మాల్కం ఆర్నాల్డ్ సొనాటినా (1951, ఎనిమిది నిమిషాలు). అన్నీ బి ఫ్లాట్. పూలాంక్ సొనాటా చివరి భాగం పెట్టి, దాని తర్వాత ఇంకో పెద్ద రచన పెట్టినవారు ఆ జాబితాను చించేయండి.

అభ్యాసం: క్లారినెట్ పలికే సమయం ముప్పై అయిదు నిమిషాలు మించకుండా మూడు వేర్వేరు జాబితాలు రాయండి. ప్రతి రచన పక్కన ఏ క్లారినెట్, కాగితం మీద ఏ స్కేల్, వినిపించేది ఏ స్కేల్, పియానో ఎంత కష్టం అన్నవి నింపండి. వాటిలో ఒక జాబితాను చివరి రచన నుంచి మొదటిదాకా తలకిందులుగా, మధ్యలో ఆగకుండా వాయించండి. పెదవి ఏ రచన దగ్గర వదులైందో గుర్తుపెట్టి అదీ రాయండి. వచ్చే పాఠానికి నాకు ఆ కాగితాలే కావాలి, కొత్త పేర్లు వద్దు.