సెల్ టవర్‌పై అభ్యంతరం, రేడియేషన్ కొలత: ఏ దరఖాస్తు ఎవరికి, ఎలా చేయాలి

పక్క డాబా మీద ఇనుప చట్రం లేవడం మొదలవగానే కాలనీవాసులు సంతకాలు సేకరించి, మున్సిపల్ కమిషనర్‌కో పంచాయతీ కార్యదర్శికో ఒక అర్జీ ఇస్తారు. అందులో ఎక్కువ భాగం క్యాన్సర్ భయం గురించే ఉంటుంది. ఇలాంటి అర్జీలు మూలన పడటానికి కారణం కేవలం అధికారుల ఉదాసీనత కాదు. టవర్ నుంచి వెలువడే రేడియో తరంగాల మోతాదుపై నిర్ణయం చేసే అధికారం పంచాయతీకి గాని, మున్సిపాలిటీకి గాని లేదు. అది కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖది. టవర్ నిలబడిన చోటు, భవనం బలం, యజమాని అంగీకారం, పత్రాల సక్రమత స్థానిక సంస్థ చూసే విషయాలు. కాబట్టి ఒకే కాగితంపై అన్నీ రాయకుండా రెండు వేర్వేరు దరఖాస్తులు చేయడం మంచిది.

స్థానిక సంస్థకు ఇచ్చే దరఖాస్తు

దీనికి సమయం ముఖ్యం. టెలికాం తీగలు, టవర్లు ఎక్కడ ఎలా వేయవచ్చో చెప్పే మార్గ హక్కు నిబంధనలకు 2022 ఆగస్టులో చేసిన సవరణ ప్రకారం, ప్రైవేటు భవనంపై టవర్ గాని స్తంభం గాని పెట్టే సంస్థకు స్థానిక అధికారి అనుమతి అక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు భవనం వివరాలతోనూ, నిర్మాణ భద్రతపై ఇంజినీరు ఇచ్చిన ధ్రువపత్రంతోనూ రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు. ఆ తరువాత 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద రూపొందించిన కొత్త మార్గ హక్కు నిబంధనలు 2025 జనవరి 1న అమలులోకి వచ్చాయి. ఆ చట్టంలోనూ ప్రైవేటు ఆస్తి విషయంలో యజమానితో కుదిరే ఒప్పందానిదే ప్రధాన స్థానం. ప్రభుత్వ స్థలం సంగతి వేరు: అక్కడ అనుమతి తప్పనిసరి, కానీ గడువులోగా అధికారి ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ‘మా వార్డులో టవర్ వద్దు’ అని కౌన్సిల్, ‘మా ఊరిలో వద్దు’ అని గ్రామసభ తీర్మానాలు చేస్తున్నాయి గాని, కారణం చూపని తీర్మానం కోర్టులో నిలవడం కష్టం.

అందువల్ల దరఖాస్తులో ‘టవర్ తొలగించండి’ అనే కోరిక కంటే ‘పత్రాలు పరిశీలించండి’ అనే కోరిక ముందు ఉండాలి. విషయం అన్నచోట ‘ఫలానా వీధిలోని ఫలానా ఇంటి నంబరు గల భవనంపై నిర్మిస్తున్న సెల్ టవర్‌కు సంబంధించిన పత్రాల పరిశీలన, స్థల తనిఖీ కోరుతూ’ అని రాయవచ్చు. తరువాత అడగవలసినవి ఇవి: నిర్మాణానికి ముందు సంస్థ ఇచ్చిన సమాచార లేఖ నకలు, భవన నిర్మాణ అనుమతి, నిర్మాణ స్థిరత్వ ధ్రువపత్రం, యజమాని అంగీకార పత్రం, రేడియో తరంగాల కేటాయింపుపై కేంద్రం నుంచి పొందిన సాక్ఫా అనుమతి, రేడియేషన్ పరిమితికి లోబడి ఉంటామని సంస్థ టెలికాం శాఖకు సమర్పించిన స్వీయ ధ్రువీకరణకు అందిన రసీదు. టెలికాం శాఖ 2013 ఆగస్టు 1 నుంచి అమలయ్యేలా రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలలో ఈ పత్రాల ప్రస్తావన ఉంది. వీటిలో నిర్మాణ స్థిరత్వ పత్రాన్ని మాత్రం శ్రద్ధగా చూడాలి. రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు వేసిన పాత భవనాలపై అదనపు బరువు పడటం ఊహలో భయం కాదు, కళ్లెదుటి ప్రమాదం. స్థానిక సంస్థ నేరుగా చర్య తీసుకోగల బలమైన కారణం కూడా అదే.

అపార్ట్‌మెంటు విషయంలో మరో అంశం తోడవుతుంది. డాబా ఫ్లాట్ల యజమానులందరి ఉమ్మడి భాగం కాబట్టి, సంఘం అధ్యక్షుడో బిల్డరో ఒక్కరే సంతకం చేసి టవర్‌కు లీజు ఇస్తే, ఆ ఒప్పందాన్ని ప్రశ్నించే హక్కు మిగతా యజమానులకు ఉంటుంది. అలాంటప్పుడు అమ్మకపు దస్తావేజు నకలు, సంఘం సమావేశపు తీర్మానాల పుస్తకంలోని సంబంధిత పుటలు జత చేయాలి. (అద్దె ఆశ చూపి, టవర్ పెట్టిస్తామంటూ ముందస్తు రుసుము అడిగేవారు మోసగాళ్లు. టెలికాం శాఖ గాని, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గాని ఇందుకు డబ్బు వసూలు చేయవు.)

దరఖాస్తును మున్సిపాలిటీలో అయితే కమిషనర్ పేరున, పట్టణ ప్రణాళికా విభాగానికి ప్రతితో, గ్రామంలో అయితే పంచాయతీ కార్యదర్శి పేరున ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి. పత్రాలు చూపడానికి జాప్యం చేస్తే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రాలలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తదుపరి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే తెలంగాణ ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వవచ్చు. అక్కడ దానిని జిల్లా టెలికాం కమిటీకి పంపమని స్పష్టంగా కోరాలి. 2013 మార్గదర్శకాలు ఇలాంటి ఫిర్యాదుల కోసమే రాష్ట్ర, జిల్లా స్థాయిలో ఈ కమిటీలను సూచించాయి. రేడియేషన్ కారణంతో టెలికాం శాఖ క్షేత్ర విభాగం సమ్మతి లేకుండా టవర్‌కు సీలు వేయడం, కరెంటు కోయడం చేయరాదని అదే పత్రం చెబుతుంది. అందుచేత ఆ పని చేయమని కమిషనర్‌ను ఒత్తిడి చేయడం వృథా ప్రయాస.

రేడియేషన్ కొలతకు దరఖాస్తు

ఆరోగ్యంపై సందేహం ఉన్నవారికి వాదన కంటే కొలత మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2011లో రేడియో తరంగాలను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవిగా, 2బి వర్గంలో చేర్చింది. ఆ నిర్ణయానికి ఆధారం ప్రధానంగా చెవి దగ్గర పెట్టుకునే ఫోన్ల వాడకంపై జరిగిన అధ్యయనాలు, టవర్లు కావు. బేస్ స్టేషన్ల (టవర్‌పై సంకేతాలు పంపే, అందుకునే పరికరాల) నుంచి వచ్చే బలహీన సంకేతాల వల్ల ఆరోగ్యానికి హాని కలుగుతుందనేందుకు నమ్మదగిన ఆధారం లేదని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పేర్కొంది. అయినా మన దేశం ముందుజాగ్రత్తగా 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును అమలులో పెట్టింది: 900 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 వద్ద సుమారు 0.9, 2100 వద్ద 1 వాటు.

దరఖాస్తు 2017 మేలో ప్రారంభమైన టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో చేయాలి. మొదట మీ ప్రాంతాన్ని మ్యాపులో వెతికితే చుట్టుపక్కల టవర్లు కనిపిస్తాయి. ఒక్కో టవర్ నిబంధనలకు లోబడి ఉందో లేదో అక్కడే, రుసుము లేకుండా తెలుసుకోవచ్చు. చాలామందికి ఇది సరిపోతుంది. అది చాలదనుకుంటే కొలత కోసం విడిగా అభ్యర్థన పెట్టి, 4,000 రూపాయలూ దానిపై పన్నూ ఆన్‌లైన్‌లో చెల్లించాలి. మొత్తం ఒక్కరికి భారమే గాని, కాలనీ సంఘం పంచుకుంటే పెద్దది కాదు. చిరునామాను గుర్తులతో సహా రాసి, ఫోన్ నంబరు సరిగా ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ టెలికాం లెక్కలో ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే ఉన్నాయి కనుక తెలంగాణవారు కూడా ఆ పేరే ఎంచుకోవాలి.

కొలత ఎక్కడ చేయించాలన్నదే అసలు విషయం. యాంటెన్నా తరంగాలను కిందికి కాక, కొద్దిపాటి వంపుతో ఎదురుగా పంపుతుంది. అందువల్ల టవర్ పాదం దగ్గర లేదా అది ఉన్న డాబా కింది గదిలో కంటే, అదే ఎత్తులో ఎదురుగా ఉన్న ఇంటి బాల్కనీలో మోతాదు ఎక్కువగా ఉండవచ్చు. టెలికాం శాఖ మార్గదర్శకాలు ఒక యాంటెన్నాకు సమాన ఎత్తులో ఎదురుగా 20 మీటర్లు, రెండింటికి 35 మీటర్ల దూరం పేర్కొన్నది కూడా ఇందుకే. కాబట్టి యాంటెన్నా పలక నేరుగా ముఖం తిప్పి ఉన్న కిటికీ, బాల్కనీ, పిల్లలు ఆడుకునే డాబా ఏవో దరఖాస్తులోనే రాయాలి. అధికారులు వచ్చినప్పుడు దగ్గరుండి ఆ చోట్లు చూపాలి. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న మీటరు అంకెలు పట్టుకుని వాదించినా అవి లెక్కలోకి రావు.

నివేదికలో చూడవలసింది ఒక్క టవర్ అంకె కాదు. వేర్వేరు కంపెనీల, వేర్వేరు పౌనఃపున్యాల తరంగాలు ఒకేచోట కలుస్తాయి కాబట్టి, ఒక్కొక్కటి తన పరిమితిలో ఎంత భాగమో కట్టి, ఆ భాగాలన్నీ కూడితే 1 మించకూడదు. మించితే కంపెనీపై జరిమానా ఉంటుంది. 2013 నవంబరులో దానిని ఒక్కో బేస్ స్టేషన్‌కు 10 లక్షల రూపాయలకు పెంచారు. మించకపోతే ఆ కారణంపై టవర్ తొలగింపు కోరే దారి దాదాపు మూసుకున్నట్టే. 2017లో గ్వాలియర్‌లో క్యాన్సర్ రోగి ఫిర్యాదుపై సుప్రీంకోర్టు ఒక టవర్‌ను ఆపించిన సంగతిని చాలామంది ఉదహరిస్తారు. అది ఆ ఒక్క కేసులో ఇచ్చిన ఆదేశం, దేశవ్యాప్త నియమం కాదు. 2012లో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రుల నుంచి టవర్లు తీయమన్నా, మరికొన్ని హైకోర్టులు ఆరోగ్య భయం ఒక్కటే చాలదన్నాయి.

టవర్ వద్ద డీజిల్ జనరేటర్ మోత, పొగ మీ బాధ అయితే, దానిని పై రెండు దరఖాస్తుల్లో కలపకుండా కాలుష్య నియంత్రణ మండలికి విడిగా రాయాలి. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. జనరేటర్ ఏ వేళల్లో నడుస్తోందో తేదీలవారీగా రాసిన పట్టికను దరఖాస్తుకు జతపరచాలి.