పాత జపాన్ కైజూ టేపులను కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి? (డీఇంటర్‌లేస్ నొక్కే ముందు ఇది చదవండి)

జపాన్ వాళ్లు భారీ రాక్షస జీవులను కైజూ అంటారు. 1966లో అక్కడి టీవీలో ‘అల్ట్రా క్యూ’, ఆ తర్వాత ‘అల్ట్రామాన్’, 1967లో ‘అల్ట్రా సెవెన్’ వచ్చాయి. మన దగ్గర 1980ల్లో దూరదర్శన్‌లో ‘జెయింట్ రోబో’ చూసినవాళ్లకు ఈ లోకం కొంత తెలుసు. అదీ 1967 నాటిదే. వీసీఆర్ల కాలంలో ఈ సీరియళ్లలోంచి పోరాటాలను, ఒక్కో కైజూ పేరు, ఎత్తు, బరువు చెప్పే అక్షరాలను కలిపి సంకలనాల టేపులు తెచ్చారు. నేను చెప్పేది వాటి గురించే.

పూర్తి ఎపిసోడ్లు ఇప్పుడు బ్లూరేలో దొరుకుతున్నాయి కదా, ఈ తంటా ఎందుకని అడుగుతారు. బ్లూరేలో ఎపిసోడ్ ఉంటుంది. సంకలనం ఉండదు. గొమోరా అనే కైజూ ఒసాకా కోటను కూల్చిన వెంటనే జెట్టన్ అనే ఇంకో కైజూను చూపించాలని ఎవరో కూర్చుని ఎంచిన వరస, దాని మీద చెప్పిన వ్యాఖ్యానం ఆ టేపుల్లోనే మిగిలాయి. ఈ అలవాటు వీసీఆర్ కంటే పాతది. 1970లోనే జపాన్ టీవీ సంస్థ టీబీఎస్ ‘అల్ట్రా ఫైట్’ పేరుతో పాత ఎపిసోడ్ల పోరాటాలను కత్తిరించి, ఆటల కామెంటరీ లాంటి మాటలు జోడించి చిన్న చిన్న ముక్కలుగా ప్రసారం చేసింది.

సామాను

టీవీ సంకేతాల పద్ధతులు వేరు: జపాన్ టేపు ఎన్‌టీఎస్‌సీ, మన పాత వీసీఆర్లు పాల్. రెండూ ఆడిస్తామని రాసి ఉన్న మన వీసీఆర్లు చాలావరకు బయటికి ఇచ్చేది అటూ ఇటూ కాని సంకేతం. దాన్ని క్యాప్చర్ పరికరం (వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించేది) బ్లాక్ అండ్ వైట్‌గా చూపిస్తుంది, లేదా అసలు పట్టదు. జపాన్ ఎస్-వీహెచ్‌ఎస్ (మెరుగైన వీహెచ్‌ఎస్ రకం) వీసీఆర్ కొనండి, లోపల టీబీసీ (వణికే బొమ్మను స్థిరపరిచే భాగం) ఉన్నది. అది 100 వోల్టుల యంత్రం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అక్కడితో దాని కథ ముగుస్తుంది. ఎస్-వీడియో కేబులు, క్యాప్చర్ పరికరం, ఖాళీ ఉన్న హార్డ్ డిస్కు కావాలి. పసుపు రంగు పిన్ను వాడకండి.

టేపు సిద్ధం చేయడం

క్యాసెట్ మీది కిటికీలోంచి చూడండి. రీలు మీద తెల్లటి పొడ, బూజు కనిపిస్తే ఆ టేపును వీసీఆర్లో పెట్టవద్దు. ఒక్క టేపు బూజు యంత్రంలోకి, అక్కడినుంచి మిగతా టేపులన్నిటికీ పాకుతుంది. శుభ్రంగా ఉంటే ఒకసారి చివరిదాకా, తిరిగి మొదటిదాకా తిప్పి పెట్టండి.

రికార్డింగ్

720×480, సెకనుకు 29.97 ఫ్రేములు, హఫ్‌వైయూవీ లాంటి నష్టం లేని కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), శబ్దం 48 కిలోహెర్ట్జ్. గంటకు సుమారు 30 నుంచి 40 జీబీ పడుతుంది, పట్టనివ్వండి. సెట్టింగుల్లో జపాన్ ఎన్‌టీఎస్‌సీని ఎంచుకోండి. అమెరికా పద్ధతిలో నలుపు 7.5 ఐఆర్‌ఈ (వీడియో వెలుగు కొలత) దగ్గర మొదలవుతుంది, జపాన్‌లో సున్నా దగ్గర. ఇది తప్పితే రాత్రి నగరం మీద జరిగే పోరాటాల్లో చీకటి భాగాలు ముద్దైపోతాయి. డ్రాప్డ్ ఫ్రేములు (రికార్డింగ్‌లో జారిపోయినవి) ఒక్కటున్నా మళ్లీ రికార్డు చేయండి. ఎందుకో కింద తెలుస్తుంది. ‘అల్ట్రా క్యూ’ ముక్కలకు రంగును పూర్తిగా సున్నా చేయండి. అది బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన సీరియల్, అందులో కనిపించే రంగు మచ్చలు టేపు పుట్టించినవి.

అసలు కష్టం ఇక్కడ

నా మొదటి టేపును నేనే చేయలేక ఒక దుకాణంలో ఇచ్చాను. వాళ్లు అంతా ఎక్కించి, డీఇంటర్‌లేస్ (గీత విడిచి గీతగా ఉన్న వీడియోను నిండు బొమ్మలుగా మార్చే బటన్) నొక్కి, డిస్కు చేతిలో పెట్టారు. బాల్టాన్ అనే కైజూ కత్తెర చేతులు ఊపిన ప్రతిసారీ ఒక చేతికి రెండు నీడలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇప్పటికీ నేను చూసే పదింట్లో ఎనిమిది అలాగే పాడై ఉంటున్నాయి.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మీరు ఆ బటన్ జోలికి పోరు. ఈ సీరియళ్లు ఫిల్మ్ మీద తీసినవి, సెకనుకు 24 బొమ్మలు. ఎన్‌టీఎస్‌సీ వీడియోకు సెకనుకు దాదాపు 60 ఫీల్డులు (గీత విడిచి గీతగా ఉండే సగం బొమ్మలు) కావాలి. అందుకని ఒక బొమ్మను రెండు ఫీల్డులుగా, తర్వాతి దాన్ని మూడుగా, మళ్లీ రెండు, మళ్లీ మూడు చేసి సర్దారు. అలా నాలుగు ఫిల్మ్ బొమ్మలు ఐదు వీడియో ఫ్రేములవుతాయి. ఆ ఐదింటిలో మూడు శుభ్రంగా ఉంటాయి, రెండింటిలో పక్కపక్క బొమ్మలు కలిసి దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. డీఇంటర్‌లేస్ చేస్తే శుభ్రంగా ఉన్న మూడింటినీ కూడా పాడు చేస్తుంది. చేయాల్సింది ఇన్వర్స్ టెలిసినీ, అంటే ఈ సర్దుబాటును వెనక్కి తిప్పడం. విడిపోయిన ఫీల్డులను మళ్లీ జత కలిపి, అయిదింటిలో మిగిలిపోయిన నకలు ఒకటి తీసేస్తే అసలు 24 బొమ్మలు తిరిగి వస్తాయి.

మామూలు ఎపిసోడ్ టేపుకు ఇంతటితో సరిపోతుంది. సంకలనానికి సరిపోదు. ఎపిసోడ్‌లో షాట్ల మధ్య కోతలు ఫిల్మ్ మీదే పడ్డాయి కాబట్టి 2-3 వరస చెదరదు. సంకలనం చేసినవాళ్లు మాత్రం వీడియోగా మారిన తర్వాత కోశారు. అలా కోసిన ప్రతిచోటా వరస తెగి కొత్తగా మొదలవుతుంది. స్థిరమైన వరస ఉంటుందని నమ్మే ఫిల్టరు మొదటి ముక్క దాకా బాగా పనిచేసి, రెండో కైజూ రాగానే తప్పుతుంది. క్యాప్చర్‌లో పోయిన ఫ్రేము కూడా ఇదే పని చేస్తుంది. డ్రాప్డ్ ఫ్రేము ఒక్కటీ ఉండకూడదన్నది అందుకే.

కాబట్టి వరసను ఊహించే ఫిల్టరు వద్దు, ప్రతి ఫ్రేమునూ చూసి జత కలిపేది కావాలి. ఏవీసింత్ అనే వీడియో ప్రోగ్రాంలో టీఐవీటీసీ అనే ఫిల్టర్ల జత వాడండి. అందులో టీఎఫ్‌ఎం జత కలుపుతుంది, టీడెసిమేట్ నకళ్లు తీస్తుంది. ముందు ఫీల్డ్ ఆర్డర్ (రెండు ఫీల్డుల్లో ఏది ముందన్నది) సరిచూడండి. అది తలకిందులైతే కదిలే ప్రతిదీ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. టీడెసిమేట్‌ను రెండు విడతల్లో నడపండి. మొదటి విడతలో అది టేపు మొత్తం కొలిచి రాసుకుంటుంది, రెండో విడతలో తీసేస్తుంది. ఒకే విడతలో నడిపితే కోత పడ్డ చోట నకలు వదిలి అసలు బొమ్మను తీసేయవచ్చు. అప్పుడు కైజూ అడుగు మధ్యలో చిన్న గంతు వేస్తుంది.

తర్వాత కైజూ పేరు, ఎత్తు చూపే అక్షరాలు. వాటిని వీడియో మీద వేశారు కాబట్టి వాటికి 2-3 వరసే లేదు. వెనక పోరాటం శుభ్రంగా ఉండి, పైకి వచ్చే అక్షరాలకు మాత్రం దువ్వెన పళ్లు వస్తాయి. నిదానంగా మళ్లీ చూపించే దెబ్బలను వీడియోలోనే సాగదీసి ఉంటే అవీ అంతే. ఆ ముక్కలను చేత్తో గుర్తుపెట్టుకుని, విడిగా క్యూటీజీఎంసీ అనే డీఇంటర్‌లేస్ ఫిల్టరుతో సెకనుకు 59.94 ఫ్రేములు చేసి, ఎంకేవీ ఫైల్‌లో టైంకోడ్‌తో (ఏ ఫ్రేము ఎప్పుడు కనబడాలో చెప్పే పట్టిక) కలపండి. మొత్తం టేపును 59.94 చేస్తే హాయి కదా అంటారు కొందరు. ఫిల్మ్ భాగాలకు అది తప్పు. అల్ట్రా సీరియళ్లు తీసిన త్సుబురాయా స్టూడియో వాళ్లు రబ్బరు సూట్లో ఉన్న మనిషికి వేల టన్నుల బరువు రావాలని ఆ పోరాటాలను ఎక్కువ వేగంతో తీసి 24లో నడిపారు. ఆ బరువంతా బొమ్మకూ బొమ్మకూ మధ్య సమానమైన విరామంలో ఉంది. ఒక బొమ్మ రెండు సార్లు, తర్వాతిది మూడు సార్లు కనబడితే ఆ నడక తడబడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. కదలని షాట్‌లో దువ్వెన కనబడదు, అక్కడ చూసి సరేననుకోకండి. తోక ఊపుతున్న చోట, నిప్పు కిరణం వచ్చే చోట ఒక్కో ఫ్రేము ముందుకు నొక్కుతూ పోండి. ప్రతి కోత తర్వాత కనీసం పది ఫ్రేములు చూడాలి. గంట టేపుకు నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. తక్కువ పట్టిందంటే ఏదో వదిలేశారన్నమాట.

మిగతాది

బొమ్మ 4:3 గానే ఉంచండి, అంచులు కోయకండి. ఏఐతో పెంచే సాఫ్ట్‌వేర్లు వద్దు. అవి ఫిల్మ్ గింజను నునుపు చేసి, ఎగిరే విమానాలను వేలాడదీసిన సన్నటి తీగలను కూడా చెరిపేస్తాయి. తీగ కనబడితే కనబడనివ్వండి, అది ఆ స్టూడియోలో చేత్తో చేసిన పని.

రికార్డు చేసిన మూల ఫైల్‌ను ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే నష్టం లేని కోడెక్‌లోకి మార్చి రెండు డిస్కుల మీద దాచండి. శుభ్రం చేసిన ఫైల్ వేరే. టేపును మొదటిదాకా తిప్పి, పెట్టెలో పెట్టి, నిలబెట్టి, బీరువాలో పొడి చోట ఉంచండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు నెలకోసారి మార్చాలి.