వీసింక్ ఆన్‌లో ఉంచాలా, తీసెయ్యాలా?

సెలవులకి మా మేనల్లుడు పాలకొల్లు నుంచి అమలాపురం వచ్చాడంటే నా కంప్యూటర్ సెట్టింగ్స్ ఏవీ ఉన్నచోట ఉండవు. మొన్న వీసింక్ అని, గేముల్లో బొమ్మ తెగకుండా చూసే సెట్టింగ్ ఒకటి తీసేసి వెళ్లాడు, "అదుంటే గేమ్ లాగుద్ది మావయ్యా" అని. సాయంత్రం నేను కారు రేసు పెడితే, మలుపు తిప్పినప్పుడల్లా రోడ్డు పక్క చెట్లు నడుముకి తెగి పై ముక్క ఓ చోట, కింది ముక్క ఇంకో చోట కనబడుతున్నాయి.

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 సార్లు బొమ్మని పైనుంచి కిందకి గీస్తుంది, ఒక్కోదానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. సగం గీసేసరికి గ్రాఫిక్స్ కార్డు కొత్త ఫ్రేమ్, అంటే కొత్త బొమ్మ, అందిస్తే పైన పాతది, కింద కొత్తది పడుతుంది. దీన్నే టేరింగ్ అంటారు. గీయడం పూర్తయ్యేదాకా కొత్త ఫ్రేమ్‌ని ఆపి ఉంచేదే వీసింక్.

ఆపడంలోనే ఉంది చిక్కంతా. సఖినేటిపల్లి రేవులో బండ్లని గోదావరి దాటించే పంటు కదిలాక అర నిమిషం ఆలస్యంగా వచ్చిన బండి కూడా తర్వాతి పంటు దాకా నిలబడాల్సిందే కదా, ఇదీ అంతే. ఫ్రేమ్‌కి 16.7 బదులు 18 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, డబుల్ బఫరింగ్ (రెండే ఫ్రేములకి చోటు) వాడే గేమ్‌లో 55 దాకా రావాల్సిన ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) కాస్తా 30కి పడిపోతుంది. ట్రిపుల్ బఫరింగ్ (మూడు ఫ్రేములకి చోటు) ఉంటే ఈ బాధ తగ్గుతుంది. ఇక ఫ్రేములు వరసలో ఆగుతాయి కాబట్టి మౌస్ నొక్కింది తెరమీద కాస్త ఆలస్యంగా కనబడుతుంది, మావాడి గొడవ ఇదే.

ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్, అంటే మానిటర్ సెకనుకి ఎన్నిసార్లు గీస్తుందో, చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60లోనే వాడేస్తున్నవాళ్లు బోలెడుమంది! తర్వాత వీసింక్ తీసేసి పది నిమిషాలు ఆడి ఎఫ్‌పీఎస్ గమనించండి. ఎప్పుడూ రిఫ్రెష్ రేటు పైనే ఉంటే, ఆడేది కథ గేమో రేసో అయితే, నిశ్చింతగా ఆన్ చెయ్యండి. అనవసరంగా వందల ఫ్రేములు గీయక్కర్లేదు గనక కార్డు కూడా తక్కువ వేడెక్కుతుంది, మన ఉక్కపోతలో అది చిన్న విషయం కాదు. మధ్యమధ్యలో కిందకి జారుతుంటే గ్రాఫిక్స్ కాస్త తగ్గించండి, లేదా ఎన్విడియా కార్డైతే అడాప్టివ్ పెట్టండి, ఎఫ్‌పీఎస్ పడినప్పుడు వీసింక్ తనే తప్పుకుంటుంది. కౌంటర్ స్ట్రైక్ లాంటి షూటర్లకి (కాల్పుల గేములకి) మాత్రం, మౌస్ ఆలస్యం పనికిరాదు కాబట్టి, ఆఫే.

మానిటర్‌కి ఫ్రీసింక్ ఉంటే, కార్డు కూడా దాన్ని ఒప్పుకుంటే, ఈ తంటా చాలావరకు తీరినట్టే, ఎందుకంటే అక్కడ మానిటరే కార్డు కోసం ఆగుతుంది. మానిటర్ మెనూలోనూ దాన్ని ఆన్ చెయ్యాలండోయ్, చాలామంది మర్చిపోయేది అదే. 75 హెర్ట్జ్ అయితే, రిఫ్రెష్ రేటు దాటకుండా ఎఫ్‌పీఎస్‌ని 72 దగ్గర కట్టేయండి. చౌక రకాల్లో తరచూ ఎఫ్‌పీఎస్ 48 కిందకి పడితే ఫ్రీసింక్ పనిచెయ్యదు, అదీ గుర్తుంచుకోండి.

మా ఇంట్లో తగువు ఎలా తీరిందంటే, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్ సెట్టింగ్స్ అని ఉంటుంది, ఏ గేమ్‌కి ఆ గేమ్ విడిగా పెట్టుకోవచ్చు. వాడి షూటర్‌కి ఆఫ్, నా కారు రేసుకి ఆన్.