పెద్ద నంబర్ని 7, 11, 13తో ఒకేసారి చెక్ చేయండి

బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి, చాలా టైమ్ కలిసొస్తుంది. 7, 11, 13 గుణిస్తే 1001, అందుకే ఎంత పెద్ద నంబరైనా కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోతే చివరికి చిన్న నంబర్ మిగులుతుంది, దాన్ని చూస్తే చాలు, అది 7, 11, 13లో దేనితో శేషం లేకుండా పోతే పెద్ద నంబర్ కూడా దానితో పోతుంది.

చెన్నైలో మా టీ నగర్ పిన్‌కోడ్ 600017 తీసుకోండి. 17లోంచి 600 తీస్తే మైనస్ 583, అంటే 11 ఇంటూ 53, కాబట్టి పిన్‌కోడ్ 11తో పోతుంది, 7తో 13తో పోదు. నిన్న బస్సులో మా తమ్ముడికి 48215440 ఇచ్చా, 440 మైనస్ 215 ప్లస్ 48, 273 వచ్చింది, అది 3 ఇంటూ 91, 91 అంటే 7 ఇంటూ 13, ఇంకేముంది 7తోనూ 13తోనూ పోతుంది అని పెన్ను తీయకుండానే చెప్పేశాడు, నాకు భలే సంతోషమేసింది! 11తో పోదు, శేషం 9, ఎందుకంటే 273కి కూడా శేషం అదే.

ఒక్కటి జాగ్రత్త, మన లక్షలు కోట్ల కామాలు చూసి విడగొట్టకండి, 4,82,15,440 అని రాసుంటే కామాలు వదిలేసి కుడి నుంచి మూడు మూడు లెక్కపెట్టుకోవాలి, చాలామంది అక్కడే తప్పు చేస్తారు.