రాజకుటుంబాల జాత్యంతర వివాహాల వార్తలను చదవడం ఎలా?

రాజకుటుంబంలోకి వేరే జాతికి చెందిన కోడలో అల్లుడో వచ్చిన వార్త వెలువడగానే నగలు, పెళ్లిబట్టలు, ఊరేగింపు గుర్రాలే ముందుగా కంటపడతాయి. అలాంటి పెళ్లి గురించి వ్యాసమో ప్రసంగమో సిద్ధం చేసుకునేవారు ఆ ఫొటోలను కాసేపు పక్కన పెట్టి, పెళ్లినాటికి ఇద్దరి స్థితిగతులేమిటో ఒక కాగితం మీద రాసుకోవడంతో పని మొదలుపెట్టాలి. 'వర్ణాంతరం' అంటే తెలుగులో కులమే స్ఫురిస్తుంది కనుక ఇక్కడ 'జాత్యంతరం' అనడమే నయం. కులాంతర వివాహాలను కొలిచే మన కొలబద్దనే లండన్‌కో ఆఫ్రికాకో పట్టుకుపోతే లెక్క తప్పుతుంది.

ఆ కాగితం మీద వంశం, చదువు, ఉద్యోగం, ఆస్తి, శరీరవర్ణం వేర్వేరు గడుల్లో ఉండాలి. 1948 సెప్టెంబరు 29న లండన్‌లోని కెన్సింగ్టన్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పెళ్లి చేసుకున్న సెరెట్సే ఖామా, రూత్ విలియమ్స్‌ల గడులు నింపి చూడండి. సెరెట్సే నేటి బోట్స్వానాలోని బమాంగ్వాటో ప్రజల పీఠానికి పుట్టుకతో వారసుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి లండన్‌లో న్యాయవిద్య అభ్యసిస్తున్నవాడు. రూత్ యుద్ధకాలంలో వైమానిక దళ మహిళా విభాగంలో అంబులెన్స్ నడిపి, తరువాత బీమా రంగంలో గుమస్తాగా చేరిన మధ్యతరగతి యువతి. శరీరవర్ణం గడి ఖాళీగా వదిలేస్తే, గొప్పింటి సంబంధం దొరికింది రూత్‌కేనని ఎవరైనా అంటారు. ఆ గడి కూడా నింపాక, దిగజారింది ఆమేనని ఆనాటి లండన్ ఎందుకనుకుందో అర్థమవుతుంది. 'అదృష్టవంతురాలు', 'అదృష్టవంతుడు' అన్న మాట వార్తలో ఎవరి పక్కన పడిందో గుర్తించడం నేను తరచు వాడే చిట్కా; ఏ గడికి ఎక్కువ బరువు ఇచ్చారో ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది.

తరువాత, పెళ్లికి ఎవరి అనుమతి కావలసివచ్చిందో వెతకాలి. ప్రేమకథగా రాసిన వార్తల్లో సాధారణంగా దొరకనిది ఇదే. ప్రభుత్వం సరేనంటే తప్ప చర్చిలో పెళ్లికి ఒప్పుకోనని లండన్ బిషప్ అనడంతోనే ఆ జంట రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లింది. సెరెట్సే పినతండ్రి షెకెడి ఖామా కూడా ఈ పెళ్లిని గట్టిగా వ్యతిరేకించాడు. అయితే 1949 జూన్‌లో సెరోవే గ్రామసభలో, తన భార్యను అంగీకరించేవారు లేచి నిలబడమని సెరెట్సే అడిగితే వేలమంది నిలబడ్డారు, కాదన్నవారు కొద్దిమందే. సొంత జనం ఒప్పుకున్నాక అడ్డుపడింది బ్రిటిష్ ప్రభుత్వం. జాత్యంతర వివాహాలను ఆ ఏడాదే నిషేధించిన దక్షిణాఫ్రికా నుంచి బ్రిటన్‌కు బంగారం, యురేనియం రావాలి. పైగా బెచువానాలాండ్ (బోట్స్వానాకు అప్పటి పేరు) పరిపాలన కేంద్రమైన మఫెకింగ్ ఆ దేశపు భూభాగంలోనే ఉండేది. ఈ పెళ్లి లేకుంటే సెరెట్సే పాలనకు తగినవాడేనని సూచించిన విచారణ నివేదికను తొక్కిపట్టి, 1950లో ఆయన స్వదేశానికి తిరిగి వెళ్లకుండా చేశారు. పీఠాన్ని వదులుకున్నాక 1956లో గాని వెళ్లనివ్వలేదు.

పత్రికల శీర్షికలు చదివేటప్పుడు జాతి పేరుతో వర్గాన్ని కిందికి లాగుతున్నారేమో చూడాలి. ప్రైవేటు పాఠశాలల్లో చదివి, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకుని, నటిగా సొంతంగా సంపాదించుకున్న, తరువాత బ్రిటిష్ రాకుమారుడు హ్యారీని పెళ్లాడిన అమెరికన్ మేఘన్ మార్కెల్‌ను 2016లో ఒక బ్రిటిష్ పత్రిక ముఠా తగాదాలకు పేరుపడిన, లాస్ ఏంజెలెస్ దగ్గరి కాంప్టన్ ప్రాంతంతో ముడిపెట్టి శీర్షిక పెట్టింది. ఆమె అక్కడ పెరగనే లేదు. తల్లి నల్లజాతి మహిళ కావడమే ఆ ముడికి ఆధారమైంది. వ్యాఖ్యల్లోని జాతి వివక్షను ఖండిస్తూ ఆ నవంబరులోనే హ్యారీ కార్యాలయం ప్రకటన చేయవలసివచ్చింది.

మెచ్చుకోలును నమోదు చేసేటప్పుడు తేదీ తప్పక వేయాలి. 2018 మే 19న విండ్సర్‌లో జరిగిన పెళ్లిలో మేఘన్ ధరించిన అయిదు మీటర్ల మేలిముసుగు అంచున కామన్వెల్త్‌లోని 53 దేశాల పూలూ మొక్కలూ కుట్టించారు. నల్లజాతి బిషప్ మైకేల్ కర్రీ ప్రసంగించగా, గాస్పెల్ (క్రైస్తవ భక్తిగీతాల) బృందం పాడింది. బ్రిటన్ మారిపోయిందని ఆ రోజు ఎందరో రాశారు. 2020 జనవరిలో ఆ దంపతులు రాజకుటుంబ బాధ్యతల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఖామా దంపతుల విషయంలో గాలి ఎదురుదిశలో తిరిగింది: 1966లో బోట్స్వానా స్వతంత్రమై సెరెట్సే తొలి అధ్యక్షుడైన ఏడాదే, ఒకప్పుడు వెలివేసిన బ్రిటన్ ఆయనకు 'సర్' బిరుదునిచ్చింది. రూత్‌లో ఏ మార్పూ రాలేదు, ఆమె భర్త హోదా మారింది.

చివరగా వారసత్వం గడి. అభినందనల హోరులో దీన్ని ఎవరూ అడగరు గాని, సంస్థానాల చరిత్రలో అసలు పేచీ తరచు ఇక్కడే వచ్చింది. పుదుక్కోట్టై రాజా మార్తాండ భైరవ తొండైమాన్ 1915లో మెల్బోర్న్‌లో మోలీ ఫింక్ అనే ఆస్ట్రేలియా యువతిని పెళ్లాడినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను రాణిగా గుర్తించలేదు. 1928లో రాజా చనిపోయినప్పుడు వారి కొడుకు సిడ్నీ బతికే ఉన్నాడు. గద్దె మాత్రం ఆ వంశంలోనే మరో శాఖకు చెందిన రాజగోపాల తొండైమాన్ అనే బాలుడికి దక్కింది.